తనిఖీ ముక్క

ఈ లోకంలో ఏది దేనితో కలవాలో, ఏది దేనికి ఎడంగా ఉండాలో తేల్చేది ప్రకృతి కాదు, పెద్దవాళ్లూ కాదు, ఫారం పదిహేడు. మిగతా సంగతులు నాకు తెలియవు గానీ, న్యూట్రల్ తీగ, ఎర్త్ తీగల విషయంలో మాత్రం ఇది తిరుగులేని సత్యం. ఆ ఫారం బోర్డుల తనిఖీ కార్యాలయంలో మూడో కిటికీ దగ్గర దొరుకుతుంది. (రెండో కిటికీలో కూడా ఉంటుంది. అక్కడ అడిగితే మూడో కిటికీకి వెళ్లమని చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.)

మా ఇంటి వెనక, వంటింటి గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో, మా వడ్రంగం షెడ్డు ఉంది. మా ఆయన కట్టింది. ఆయన పోయాక మా అమ్మాయి నడుపుతోంది. చిత్రిక మిషను, రంపం మిషను, కుర్చీకాళ్లు తిప్పే లేత్, మూడూ దాని మాట వింటాయి. షెడ్డుకు యజమానురాలిని నేనేనని కార్యాలయం వారి దగ్గర రాసి ఉంది. ఒకసారి అమ్మాయి పని చేస్తుండగా పక్కన నిలబడి సలహా ఇచ్చి చూశాను. కార్యాలయం వారు పొరబడ్డారని అప్పుడే తెలిసింది.

కరెంటు ముందు మా వసారాలో ఉన్న పెద్ద బోర్డుకు వస్తుంది. అక్కడి నుంచి తీగ నేలలోకి దిగి, పెరడు దాటి, షెడ్డు గోడకు ఉన్న చిన్న బోర్డులో పైకి తేలుతుంది. మా వీధిలో ఇలాంటి షెడ్లు పదకొండు. అందరి దగ్గరా ఇదే ఏర్పాటు. అందుకని పెద్దదాన్ని తల్లి బోర్డు అనీ, చిన్నదాన్ని పిల్ల బోర్డు అనీ పిలుస్తాం.

ఈ పదకొండు షెడ్లకూ కరెంటు పని చేసేది ఒక్కడే. చెవి మీద ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది కాబట్టి వీధిలో పిల్లలందరూ అతన్ని టెస్టర్ బాబాయి అంటారు. (పెళ్లిలో కూడా అది చెవి మీదే ఉందని వాళ్లావిడ ఇప్పటికీ చెబుతుంది.) మా ఆయన్ని అన్నా అన్నా అని పిలిచేవాడు. ఆ వరసన నేను వదినని. నాకు కరెంటు సంగతి చెప్పింది అతనే.

"చూడు వదినా. న్యూట్రల్ అంటే పని ముగించుకున్న కరెంటు రోజూ ఇంటికెళ్లే దారి. ఎర్త్ అంటే నిప్పంటుకున్నప్పుడు పారిపోయే దారి. రెండూ తల్లి దగ్గర ఒక్కసారి కలుస్తాయి. అంతే. పిల్ల దగ్గర కూడా కలిపావనుకో, రోజూ వెళ్లే జనం పారిపోయే దారిలో కూడా నడవడం మొదలెడతారు. మిషను ఒళ్లంతా ఆ దారే. మన అమ్మాయి చేతులేసేది దాని మీదే."

ఆ మాట ప్రకారం మా పిల్ల బోర్డులో న్యూట్రల్ తీగలన్నీ ఒక పట్టీకి, ఎర్త్ తీగలన్నీ ఇంకో పట్టీకి బిగించి పెట్టాడు. రెండు పట్టీల మధ్య రెండంగుళాల ఖాళీ. పక్కపక్కనే కాపురాలున్నా మాటల్లేని తోడికోడళ్లలా ఉంటాయవి. వాటి మధ్య మాటలు లేకపోవడమే ఇంటికి క్షేమం.

ఇక ఫారం పదిహేడులో ఇరవైమూడో ప్రశ్న ఇది: "న్యూట్రల్, ఎర్త్ కలిపి ఉన్నవా?" దాని పక్కన రెండు గడులు. "ఉన్నవి" అన్న గడిలో టిక్కు పడితే పత్రం ఇస్తారు. "లేవు" అన్న గడిలో పడితే మూడు రోజుల్లో కరెంటు తీసేస్తారు. "ఉండకూడదు" అన్న గడి లేదు.

టెస్టర్ బాబాయి మొదట్లో వాదించేవాడు. కార్యాలయానికి వెళ్లి బొమ్మ గీసి చూపించాడు కూడా. బొమ్మ బాగుందన్నారు, దాన్ని ఫైలులో పెట్టుకున్నారు, మూడు రోజుల్లో కరెంటు తీసేశారు. అప్పటి నుంచి మా వీధి వాదించడం మాని ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ పద్ధతి పేరు తనిఖీ ముక్క.

అది వేలెడంత రాగి పట్టీ. రెండు చివరలా రెండు బెజ్జాలు. తనిఖీకి వచ్చే సారు ఉదయం వస్తారనగా బాబాయి ఆ ముక్కతో రెండు పట్టీలనూ కలిపి బిగిస్తాడు. సారు వచ్చి, చూసి, టిక్కు పెట్టి, టీ తాగి వెళ్లగానే ముక్కను ఊడదీసి, తరవాతి తనిఖీ ఉన్న షెడ్డుకు పంపిస్తాడు. రోజుకు ఒక్క బోర్డు కంటే ఎక్కువ చూడకూడదని సారుకు నిబంధన ఉంది కాబట్టి వీధికంతటికీ ఒక్క ముక్క సరిపోయేది. మా వీధిలో గోడ దగ్గర తగాదా పడి పదేళ్లుగా ముఖాలు చూసుకోని ఇళ్లున్నాయి. వాళ్ల మధ్య కూడా ముక్క నడిచేది. ఏటా పదకొండు రోజులు తిరిగి, మిగతా రోజులన్నీ పిండిమర అక్క షెడ్డులో గోడ మేకుకు వేలాడుతూ విశ్రాంతి తీసుకునేది. (మా వీధిలో సెలవులు ఉన్న ఉద్యోగం దానిదొక్కటే.)

సారుకు ఇది తెలియదా అని మీరు అడగవచ్చు. మేమూ అనుకునేవాళ్లం. ఒకసారి ఆయన మా బోర్డులోకి తొంగి చూసి, మీ వీధిలో ఏ షెడ్డుకు వెళ్లినా పని ఒకే చేతి పనిలా ఉంటుంది, ముక్క మీద గీత కూడా ఒకే చోట ఉంటుంది, ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదు అన్నారు. పై అధికారులకు మా వీధి పేరు సిఫారసు కూడా చేశారట.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. తనిఖీ చేసిన బోర్డులను జనం తరవాత విప్పుతున్నట్లు కార్యాలయం వారికి అనుమానం కలిగింది. కాబట్టి తనిఖీ కాగానే బోర్డు తలుపుకు తీగ చుట్టి సీసం సీలు వేస్తారు. సీలు తెంచినవారి కరెంటు శాశ్వతంగా తీసేస్తారు. ఇంత మంచి నిబంధన గురించి ముందుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే జనం జాగ్రత్త పడతారు కదా.

మొదటి వంతు మాదే వచ్చింది. సారు వచ్చారు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, చేతిలో మామూలు సంచితో పాటు ఇంకో చిన్న సంచి. బోర్డు చూశారు. ముక్క చూసి పాత మిత్రుణ్ని చూసినట్లు తల పంకించారు. ఇరవైమూడో ప్రశ్నకు టిక్కు పెట్టారు. తరవాత చిన్న సంచిలోంచి తీగ, సీసపు బిళ్ల, పట్టకారు తీశారు. ఏం చేస్తున్నారో మాకు అర్థమయ్యే లోపల టిక్కుమని శబ్దం వచ్చింది. టెస్టర్ బాబాయి టీ గ్లాసు నోటికీ గుండెకీ మధ్య ఆగిపోయింది. ముక్క లోపల ఉంది. తాళం బయట పడింది. సారు తలుపు మీద ఒక కాగితం అంటించి, మా షెడ్డు ఇక పూర్తిగా సురక్షితమని అభినందించి వెళ్లారు. (ఆ రోజు నుంచే ఆయనకు సీలు సారు అన్న పేరు వచ్చింది. అంతకుముందు పదిహేడు సారు అనేవాళ్లం.)

మా అమ్మాయికి ఒక బడివాళ్లు నలభై కుర్చీలు చెప్పి ఉన్నారు. బడి తెరిచేందుకు పదహారు రోజులుంది. సారు వీధి చివర మలుపు తిరిగాక అది చిత్రిక మిషను వేసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పలకను మిషను మీదికి తోస్తూ ఎడమ చేయి మిషను బల్ల మీద ఆనించింది. ఆనించీ ఆనించగానే చేయి ఎగిరింది. పలక పక్కకు తిరిగింది. లోపలి కత్తులు పలక అంచులో బొటనవేలంత ముక్కను కొరికి ఎటో విసిరేశాయి. బొటనవేలు ఆ సమయానికి అక్కడ లేదు. రెప్పపాటు ముందు వరకు అక్కడే ఉంది.

అమ్మాయి మిషను ఆపింది. చేతిని చొక్కాకు రుద్దుకుంది.

"జిల్లుమంటోందమ్మా" అంది. అంతకంటే ఎక్కువ మాట్లాడితే నేను ఏడుస్తానని దానికి తెలుసు.

బాబాయి వచ్చి చూశాడు. ఇంటి నుంచి షెడ్డుకు వచ్చే న్యూట్రల్ అతుకు ఎక్కడో వదులైందన్నాడు. అందుకని కరెంటు ముక్క మీదుగా ఎర్త్ తీగ పట్టుకుని మిషన్ల ఒంటి మీద నడుస్తోందట. ఇప్పుడు జిల్లుతో సరిపోయిందనీ, ఆ అతుకు పూర్తిగా ఊడితే మిషను ముట్టుకున్నవాళ్లు తరవాత ఏమైందో చెప్పడానికి ఉండరనీ అన్నాడు. అతుకు బిగించాలంటే బోర్డు తెరవాలి. బోర్డు తెరవాలంటే సీలు తెంచాలి. సీలు తెంచితే షెడ్డు ఉండదు. తెంచకపోతే ఏది ఉండదో నేను అడగలేదు. అడకత్తెరలో పోకచెక్క అనే మాట అంతకుముందు చాలాసార్లు వాడాను గానీ, పోకచెక్కకు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

మర్నాడు నేనూ బాబాయీ కార్యాలయానికి వెళ్లాం. వరసలో మా ముందు పద్నాలుగు మంది. నిలబడడానికి సుఖంగా ఉండాలని కార్యాలయం వారు గోడ పొడవునా నిబంధనలు రాయించారు. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయిన తరవాత, అమ్మాయి చెక్కముక్కల మీద వడ్రంగి పెన్సిలుతో రాసి ఇస్తే. చిన్నప్పటి నుంచి చదువుకున్నవాళ్లకు వదిలేస్తూ చదవడం వస్తుంది. నాకది ఇంకా రాలేదు. గోడంతా చదివాను. ఆఖరున నీళ్ల కూలరు పైన ఒక కాగితం ఉంది: "నీళ్లు తాగువారు చెప్పులు విడువరాదు." చూస్తుండగానే ఒక బంట్రోతు వచ్చి, జేబులోంచి చెక్క స్కేలు తీసి, దానితో కుళాయి తిప్పి, గ్లాసు నింపుకుని, మళ్లీ స్కేలుతోనే కట్టేసి వెళ్లాడు. తరవాత వచ్చిన ఇద్దరూ అలాగే చేశారు. కార్యాలయాల్లో శుభ్రత ఎంత పెరిగిందో అనుకున్నాను.

టెస్టర్ బాబాయి చెవి మీది టెస్టర్ తీసి కూలరుకు ఆనించాడు. సన్నగా వెలిగింది. ఈ గది బోర్డు ఎవరు చూస్తారని బంట్రోతును అడిగాడు. మొన్ననే తనిఖీ అయిందనీ, ఊరు మొత్తం మీద తమ బోర్డుకే ఎక్కువ మార్కులు వచ్చాయనీ బంట్రోతు చెప్పాడు. తమ ఫారాన్ని తాము ఇంత నిజాయితీగా పాటించే కార్యాలయాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

మూడో కిటికీలో ఉన్నాయన చెడ్డవాడు కాదు. నా తెల్లజుట్టు చూసి లోపలికి పిలిచి కుర్చీ వేశాడు.

"ఏం జరిగిందమ్మా?"

"ఇంకా ఏమీ జరగలేదు బాబూ. జరగకూడదనే వచ్చాను."

"జరిగాక రావాలమ్మా" అన్నాడు ఎంతో ఓపికగా.

సీలు తీయించుకోవడానికి ఫారం ముప్పై ఒకటి ఉందని చూపించాడు. అందులో నాలుగో గడి "ప్రమాద వివరము." దాని కింద మూడు ఎంపికలు: ప్రాణనష్టం, గాయం, ఆస్తినష్టం. ఏదో ఒకటి ఉంటే గానీ ఫారం లోపలికి పోదు. జిల్లు ఏ లెక్కలోకి వస్తుందని అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించాడు. పక్కాయన్ని కూడా అడిగాడు. జిల్లు ఒక అనుభవమే గానీ ప్రమాదం కాదని ఇద్దరూ తేల్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోకూడదంటారు గానీ, ఈ కార్యాలయంలో చేతులు కాలిన పత్రం తెస్తే గానీ ఆకులు ఇవ్వరు.

నా ముఖం చూసి ఆయనకు జాలేసినట్లుంది. గొంతు తగ్గించి, పెద్ద గాయం అక్కర్లేదమ్మా, అర అంగుళం చాలు అన్నాడు. అర అంగుళం అంటే ఎంతో చూపించడానికి సొరుగులోంచి చెక్క స్కేలు తీశాడు. (స్కేలు చివర తడిగా ఉంది.) తమ వీధి పాలాయన చూపుడు వేలు తలుపు సందులో పడి నలిగితే వెంటనే సీలు విప్పారని ఉదాహరణ కూడా చెప్పాడు. ఆయన నాకు మేలు చేయాలనే చూశాడు. అందుకు సందేహం లేదు. నేను మాత్రం ఆ స్కేలు మీద అర అంగుళాన్ని చూస్తూ, మా అమ్మాయి ఏ వేలు మీద అది ఎక్కడిదాకా వస్తుందో కొలుచుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి ఫారం పదిహేడు ఒకసారి ఇమ్మన్నాను. చదివాను. ఆయన వేరే పని చూసుకున్నాడు. ముందు పేజీ అయింది, వెనక పేజీ అయింది. వెనక పేజీ అడుగున, అచ్చువేసినవాళ్ల పేరు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. కూడబలుక్కుని పైకి చదివాను.

"ఈ ఫారము ప్రధాన బోర్డులకు మాత్రమే వర్తించును."

మూడో కిటికీ ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివాడు. పక్కాయన చదివాడు. రెండో కిటికీ ఆయన్ని పిలిచారు. (ఆయన మూడో కిటికీకి రావడం అదే మొదటిసారట.) ముగ్గురూ ఆ వాక్యాన్ని చుట్టపక్కాలందరికీ చూపించే పసిబిడ్డలా చేతులు మార్చుకున్నారు. ఫారం పుట్టి పంతొమ్మిదేళ్లయింది. ఇంతవరకు ఆ వాక్యాన్ని చూసినవాళ్లు లేరు. అచ్చువేసినవాళ్లు కూడా చదివినట్లు ఆధారాలు లేవు.

అయితే మాది పిల్ల బోర్డు కదా, ఫారం మాకు చెల్లదు కదా, ముక్క తీసేయొచ్చు కదా అన్నాడు బాబాయి. ముగ్గురూ ఫారం పట్టుకుని పై అంతస్తులో పెద్ద సారు దగ్గరికి వెళ్లారు. మేం గంటంబావు కూర్చున్నాం. కూలరు దగ్గర జనం చెక్క స్కేళ్లతో నీళ్లు తాగుతూనే ఉన్నారు.

నిర్ణయం కాగితం మీదే వచ్చింది. చిన్న బోర్డులకు ఇంతవరకు ఫారం లేదన్న మాట వాస్తవం. ఫారం లేని బోర్డు ఉండడానికి వీల్లేదన్నది అంతకంటే వాస్తవం. కాబట్టి చిన్న బోర్డులకు ప్రత్యేక ఫారం వచ్చేవరకు అవన్నీ ప్రధాన బోర్డులే. ఫారం అడుగున ఉన్న వాక్యం ప్రజలను అయోమయంలో పడేస్తున్నందున తరవాతి అచ్చులో దాన్ని తీసేస్తారు. ఈ విషయాన్ని తమ దృష్టికి తెచ్చినందుకు నాకు కృతజ్ఞతలు. కింద పెద్ద సారు సంతకం, ముద్ర. పైన నా పేరు.

నా పేరు మీద వచ్చి, నేను సొంతంగా చదువుకోగలిగిన మొదటి ఉత్తరం అది. ఇంటికొచ్చేదాకా మూడుసార్లు చదువుకున్నాను. నాకంటూ వచ్చిన ఉత్తరం కదా.

ఇంటికి వెళ్లేసరికి షెడ్డులోంచి రంపం చప్పుడు వస్తోంది. గుమ్మం దాకా పరుగెత్తాను. అమ్మాయి రబ్బరు చెప్పుల కింద రెండు పొడి పలకలు వేసుకుని, ఎడమ చేయి వీపు వెనక కట్టుకున్నట్లు పెట్టుకుని, ఒక్క కుడిచేత్తో పలకలు కోస్తోంది. ఆరు కుర్చీల కాళ్లు అలాగే కోసిందట. పదిహేను రోజులే ఉన్నాయి మరి, బడివాళ్లకు ఏం చెప్పమంటావు అని నన్నే అడిగింది. నేను వసారాలోకి వెళ్లి తల్లి బోర్డులో మెయిన్ దించేశాను. అది అరిచింది. నేనూ అరిచాను. బాబాయి ఎవరి వైపు మాట్లాడాలో తెలియక టెస్టర్ చెవి మార్చుకున్నాడు.

అరుపులు అయ్యాక ముగ్గురం పిల్ల బోర్డు ముందు నిలబడ్డాం. ఏం చేయాలో తోచనప్పుడు నేను కనిపించిందల్లా చదువుతాను. తలుపు మీద సీలు సారు అంటించిన కాగితం పైకి చదివాను. "సీలు తలుపు గడియకు వేయబడినది. సీలు తీగను తెంచుట, సాగదీయుట, వంచుట, దానిపై రంగు వేయుట, దానికి వస్తువులు తగిలించుట నేరము."

"మళ్లీ చదువమ్మా" అంది అమ్మాయి.

మళ్లీ చదివాను. అది కాగితం వైపు చూడడం లేదు. తలుపుకు రెండో పక్కకు చూస్తోంది.

ఆ బోర్డు పెట్టెను మా ఆయన టేకుతో చేశాడు. తలుపుకు ఇత్తడి బందులు వేశాడు. ఎవరైనా బందుల మేకులు కనిపించకుండా లోపలికి బిగిస్తారు. ఈయన నాలుగు మరమేకులూ బయటికి కనిపించేలా బిగించాడు. చూడడానికి అసహ్యంగా ఉంటుందని ఇరవై ఏళ్లు దెప్పాను. ఎప్పుడైనా పనికొస్తుందిలే అనేవాడు. ఆయన అన్నిటికీ అదే మాట అనేవాడు. చిల్లు పడ్డ బకెట్టుకు కూడా అదే మాట. అందుకని ఆ మాటను నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

"నేరాల్లో బందులు లేవు కదా" అంది అమ్మాయి.

కాగితాన్ని మూడోసారి, ఈసారి వేలు పెట్టి, చదివాను. బందుల ప్రస్తావన ఎక్కడా లేదు. తలుపును ఏ వైపు నుంచి తెరవాలన్నదీ లేదు.

నాలుగు మరమేకులు తీయడానికి అమ్మాయికి పట్టింది మూడు నిమిషాలు. తలుపు బందుల వైపు నుంచి తెరుచుకుని, గడియను ఆసరా చేసుకుని మర్యాదగా వేలాడింది. సీలు తీగ తెగలేదు, సాగలేదు, వంగలేదు. మేం దానికి రంగు కూడా వేయలేదు. బాబాయి ముందు వసారాకు వెళ్లి మెయిన్ దించి ఉందని మళ్లీ చూసుకుని, టెస్టర్ ఆనించి, అప్పుడు ముక్క తీశాడు. పట్టీలు రెండూ మళ్లీ మాటలు మానేశాయి. తరవాత న్యూట్రల్ అతుకు వెతికి, మాడిపోయిన కొస కత్తిరించి, కొత్తగా చెక్కి బిగించాడు. ఇంకో నాలుగు రోజులైతే తనంతట తానే ఊడేదని మాత్రం అన్నాడు. తలుపు మళ్లీ పెట్టి మరమేకులు బిగించాం. పాము చచ్చింది, కర్ర విరగలేదు, కార్యాలయం వారి సీసం చెక్కుచెదరలేదు.

అమ్మాయి మిషను వేసి, రెండు అరచేతులూ బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. నేను పక్కకు తిరిగి, పొట్టు ఊడ్చాలని చీపురు తీసుకున్నాను.

సాయంత్రం పిండిమర అక్క వచ్చింది. రేపు తన వంతు తనిఖీ. ముక్క ఇమ్మంది. మీ బోర్డు బందులు ఎటున్నాయని అడిగాను. లోపలికే, మర్యాదస్తుల ఇంట్లో బయటికుంటాయా అంది. అయితే ముక్క ఇవ్వనన్నాను. అరగంటలో మా అమ్మాయి వెళ్లి ఆవిడ బందులు బయటికి తిప్పి వచ్చింది. ఆ పైన వెల్డింగ్ షెడ్డు, ఆ పైన గ్రిల్స్ షెడ్డు. పదకొండు రోజుల్లో వీధిలో పెట్టెలన్నీ సిగ్గు విడిచాయి. సీలు సారు చివరి షెడ్డు తనిఖీ చేస్తూ, మీ వీధిలో బందులు కూడా ఒకే తీరున ఉంటాయి, ఈ క్రమశిక్షణ ఇంకెక్కడా లేదు అన్నారట. మళ్లీ సిఫారసు చేస్తానన్నారట.

నలభై కుర్చీలూ బడి తెరిచే ముందు రోజే వెళ్లాయి.

కథ ఇక్కడితో కంచికి వెళ్లాలి. కానీ కార్యాలయం వారు నా మాటలు వృథాగా పోనివ్వలేదు. జిల్లు గురించి నేను అడిగిన ప్రశ్న మీద వాళ్లు రెండు నెలలు అధ్యయనం చేశారు. ఈ మధ్యలో పెద్ద సారు ఒకరోజు స్కేలు మరిచిపోయి కూలరు దగ్గరికి వెళ్లడం వల్ల అధ్యయనానికి వేగం కూడా వచ్చిందని విన్నాం. చివరికి ఒక ఉత్తర్వు వచ్చింది. న్యూట్రల్, ఎర్త్ కలిపి ఉన్న చోట జిల్లు కలుగుతుందని నిరూపణ అయినందున, సీలు వేసిన బోర్డును విప్పకుండానే లోపల కలిపి ఉందో లేదో తెలుసుకోవడానికి జిల్లును ప్రమాణంగా తీసుకోవలెను. అధికారులు మిషను మీద చేయి పెట్టి చూడవలెను. అప్పుడు వారి క్షేమం కోసం కాళ్ల కింద చెక్కపీట వేసుకొనవలెను. (ఆ పీటలకు ఆర్డరు మా షెడ్డుకే వచ్చింది. ముప్పై రెండు. గుండ్రటి అంచులతో బాగా కుదిరాయి.)

పోయిన వారం సీలు సారు మా ఇంటికి వచ్చారు. చంకలో మా అమ్మాయి చేసిన పీట ఉంది. షెడ్డులో అమ్మాయి పని చేసుకుంటోంది. సారు ముందు సీలు చూశారు. చెక్కుచెదరలేదు. సంతోషించారు. పీట వేసుకుని ఎక్కారు, కళ్లు మూసుకుని చిత్రిక మిషను మీద చేయి పెట్టారు. కళ్లు తెరిచారు. రెండో చేయి కూడా పెట్టారు. పీట దిగి, చెప్పులు విడిచి, మళ్లీ పెట్టారు.

"జిల్లు లేదేమ్మా" అన్నారు, ఎవరో పెద్దమనిషి కబురంపి రానట్లు.

బాబాయి పైకప్పు చూస్తున్నాడు. సారు సీలును అద్దంతో చూశారు, తీగను వేలితో మీటారు. బందులకు ఒకడుగు దూరంలో నిలబడి చాలాసేపు ఆలోచించారు. ఆయన కాగితంలో బందులు లేవు కాబట్టి ఆయన కళ్లకూ అవి ఆనలేదు.

"సీలు ఉంది, జిల్లు లేదు. ఇక్కడ ఏం జరిగిందమ్మా?"

"ఏమీ జరగలేదండి" అన్నాను. అది నిజం. అంత పెద్ద నిజాన్ని నా జన్మలో ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఆయన సంచిలో ఉన్న ఫారాలన్నీ బల్ల మీద పరిచారు. పదిహేడు తిరగేశారు. ముప్పై ఒకటి తిరగేశారు. ఏమీ జరగకపోతే రాసుకోవడానికి తమ దగ్గర ఫారం లేదన్నారు. కనీసం చిన్న గాయం ఏదైనా అయిందేమో గుర్తు తెచ్చుకోమన్నారు. లేదన్నాను. నా మాట మీద నమ్మకం కుదరక అమ్మాయిని పిలిచి చేతులు చాపమన్నారు. అది మిషను ఆపి, పొట్టు దులుపుకుని, రెండు చేతులూ ఆయన ముందు చాపింది. సారు కళ్లజోడు పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, పెన్సిలుతో ఒక్కొక్కటే తాకి లెక్కపెట్టారు. తరవాత తల అడ్డంగా ఊపుతూ ఫారంలో "లోపములు" అన్న గడిలో నీటుగా రాసుకున్నారు: వేళ్లు పది, అన్నీ ఉన్నవి.